దస్తావేజు రాతకు ఏఐ వాడొచ్చా? అనంతపురం, కడప, కర్నూలు సభ్యులు చెప్పండి

కలంపని_అనంత:
సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పక్కన దస్తావేజులు రాసే పని నాది. మా నాయన కాలం నుంచీ ఇదే. ఇప్పుడు మా వీధిలో కొత్తగా కూర్చున్న పిల్లోళ్లు పార్టీ, అంటే రాయించుకునేటోళ్లు, చెప్పింది ఫోన్లో పెట్టి, చాట్‌జీపీటీ ఇచ్చిన విక్రయ దస్తావేజునే ప్రింటు తీసి సంతకాలు పెట్టిస్తాండారు. మొన్న ఒక రైతు నా దగ్గరికి అట్లాంటి కాగితం తెచ్చినాడు. సర్వే నంబరు సరిగ్గానే ఉంది, విస్తీర్ణం సరిగ్గానే ఉంది. చెక్కుబందిలో, అంటే నాలుగు దిక్కుల హద్దుల్లో మాత్రం తూర్పున 'ప్రభుత్వ రహదారి' అని ఉంది. ఆ పొలానికి తూర్పున ఉండేది వంక. దారే లేదు. ఈ పనికి దీన్ని వాడకూడదని నా మాట.

బురుజు_కర్నూలు:
దారి అని పార్టీనే చెప్పి ఉండొచ్చు కదన్నా?

కలంపని_అనంత:
అడిగినా. చెప్పలేదంట. మూడు దిక్కులు పాత దస్తావేజులో ఉండాయి, నాలుగోది కాగితం మడత దగ్గర చిరిగిపోయి కనపళ్లేదు. మనిషైతే ఆడ ఆగి 'తూర్పున ఏముందప్పా' అని అడుగుతాడు. ఇది ఖాళీ కనిపిస్తే నింపేసింది.

ప్రొద్దుటూరు_కోడర్:
అది అట్లాగే పనిచేస్తుంది. ముందున్న మాటల్ని బట్టి తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో చూసి రాస్తుంది. దస్తావేజుల్లో 'తూర్పు' తర్వాత దారి చాలాసార్లు వస్తుంది కాబట్టి దారి అని రాసింది. పొలాన్ని అది చూడలేదు. 'నేను చెప్పనిది రాయొద్దు, తెలియనిచోట ఖాళీ వదిలెయ్' అని ముందే చెబితే చాలావరకు వింటుంది. ప్రతిసారీ వింటుందని నమ్మకం లేదు, అందుకే చదివి సరిచూడాల్సిందే. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ కల్పించిన కేసుల్ని నిజం కేసులనుకొని కోర్టులో దాఖలు చేశారు. కోర్టు 5,000 డాలర్ల జరిమానా వేసింది, అది లాయర్ల మీద. మన దగ్గరా తప్పు ఆ పిల్లోళ్లదే. పనిముట్టును ఎందుకు నిషేధించాలి?

గుత్తి_కౌలురైతు:
ఆ అన్న తప్పులు లెక్కపెడతాండాడు సరే, మీ వీధిలో మేం పడిన పాట్లు ఎవరు లెక్కపెడతారు? సోమవారం కలెక్టరేట్లో అర్జీ ఇయ్యాలంటే ఒక పేజీ రాయించుకునేదానికి పొద్దున్నుంచి నిలబడినా. చేతిలో ఉన్నదాన్ని బట్టి రేటు చెప్పినారు. రాసింది చదివి వినిపించమంటే 'నీకర్థం కాదులే, వేలిముద్ర ఎయ్' అన్నారు. నాకు సంతకం వస్తుంది. ఇప్పుడు మా పిల్ల ఫోన్లో నా మాటల్లోనే చెప్పి రాపిస్తాంది, నాకు చదివి వినిపిస్తాంది.

పెన్నాగట్టు_బద్వేలు:
ఆధార్, పాన్ నంబర్లు ఆ యాప్‌లలో పెడతాండారా? ముందు అది ఆపండి.

కలంపని_అనంత:
అర్జీ వేరు, దస్తావేజు వేరు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 21వ సెక్షన్ చూడండి. ఆస్తిని గుర్తుపట్టేంత వివరం లేకుంటే దస్తావేజు తీసుకోకూడదని ఉంది. దానికే చెక్కుబంది. ఒక దిక్కు తప్పితే సవరణ దస్తావేజు కావాలి, దానికి అమ్మినాయన మళ్లీ రావాల. వస్తాడా? రేటు పెరిగినాక వస్తాడా?

పెన్నాగట్టు_బద్వేలు:
చెక్కుబంది ఒక్కటే కాదు, కొలతలూ అంతే. అంకణం నెల్లూరు వైపు 36 చదరపు అడుగులు, కొన్ని చోట్ల 72. మా బంధువుల ఇంటి స్థలానికి యంత్రం 72తో లెక్కేసి గజాలు రాసింది. స్థలం రెట్టింపయింది.

బురుజు_కర్నూలు:
అంకణం అని ఇప్పటికీ ఎవరు రాస్తున్నారు? గజాల్లో రాయండి.

పెన్నాగట్టు_బద్వేలు:
మా తాత దస్తావేజులో అంకణాలే ఉండాయి. మార్చి రాయాలంటే ఏ అంకణమో తెలియాల కదా.

ప్రొద్దుటూరు_కోడర్:
36 అని ముందే చెప్పి ఉంటే సరిగ్గా లెక్కేసేది.

పెన్నాగట్టు_బద్వేలు:
చెప్పాలని తెలిసినోడికి అది ఎందుకు?

గుత్తి_కౌలురైతు:
అంకణం, చెక్కుబంది, ఇదే పాట. కలంపని అన్నా, నీ బాధ వంక గురించి కాదు. గిరాకీ పోతాందని.

కలంపని_అనంత:
పోతాంది. దాచేదేముంది? నాకూ ఇల్లుంది. కానీ నేను రాసిన ప్రతి కాగితం చివర 'రాసినవారు' అని నా పేరుంటుంది. ఏండ్ల తర్వాత అన్నదమ్ములు కొట్లాడుకుంటే కోర్టు సాక్షిగా పిలిచేది నన్ను. 'ఆ రోజు ఆయప్ప తెలివితో ఉండి, ఒప్పుకొనే సంతకం పెట్టినాడా' అని బోనులో నిలబెట్టి అడుగుతారు. పోయి చెప్పినా. ఫోన్‌ను పిలుస్తారా? ఈ పిల్లోళ్లు కాగితం కింద పేరు కూడా ఏసుకోవడం లేదు. నాకు మండేది ఆడ.

గుత్తి_కౌలురైతు:
నీ పేరు భూమి ఉన్నోళ్లకు కాపలా అన్నా. నాకు భూమే లేదు. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది, యజమాని ఒప్పుకొని సంతకం పెడితే 11 నెలలు చెల్లే సాగుదారు కార్డు ఇస్తారు, దాంతో పంట రుణం అడగొచ్చు. ఈ మాట మీ వీధిలో నాకు ఒక్కరు చెప్పలేదు. ఫోన్ చెప్పింది. నిజమా కాదా అని సచివాలయంలో అడిగితే నిజమే అన్నారు.

కలంపని_అనంత:
యజమాని సంతకం పెట్టినాడా?

గుత్తి_కౌలురైతు:
పెట్టలేదు. భూమి పోతాదని భయం ఆయనకు. కానీ ఇన్నేండ్లు అడగాలనే తెలీకుండా బతికినా. తెలిసినోళ్లు చెప్పకుండా పెట్టుకున్నారు, అదీ నా కోపం. తప్పులు రాస్తుందని మీరు దాన్ని ఆపితే నేను మళ్లీ మీ గడప ముందర నిలబడాల.

ప్రొద్దుటూరు_కోడర్:
ఆపక్కర్లేదు. యంత్రంతో రాసినా సరే, సరిచూసిన మనిషి కింద తన పేరు రాయాలి. ఇద్దరికీ సమ్మతమేనా?

కలంపని_అనంత:
పేరు రాయాల, ఫోన్‌తో రాసినామని కూడా రాయాల. పార్టీకి చదివి వినిపించి నాలుగు దిక్కులూ అడగాల.

గుత్తి_కౌలురైతు:
అట్లయితే దేనికెంత తీసుకుంటారో బోర్డు మీద రాసి మీ అందరి అంగళ్ల ముందర పెట్టండి. రెండూ ఒకే రోజు మొదలైతే నేను ఒప్పుకుంటా.

కలంపని_అనంత:
నేను పెడతా. మా వీధిలో మిగతావాళ్ల తరఫున మాటియ్యలేను.