రేడియేషన్ తర్వాత నాన్నకు నోరు ఎండిపోతోంది, మీ ఇంట్లో ఏం చేశారు?

మా నాన్నకు 62 ఏళ్లు. గొంతు క్యాన్సర్‌కు 33 సిట్టింగుల రేడియేషన్ పూర్తయి ఎనిమిది నెలలైంది. జబ్బు తగ్గింది, లాలాజలం మాత్రం తిరిగి ఊరడం లేదు. చెవుల కిందున్న గ్రంథులు దెబ్బతిన్నాయట. ఆవకాయ తగిలితే మంట, అన్నం మజ్జిగలో మెత్తగా పిసికితేగానీ మింగుడు పడదు. రాత్రి నాలుక అంగిలికి అతుక్కుపోయి మూడు నాలుగుసార్లు లేస్తారు. రెండు పళ్లు పుచ్చాయి కూడా. నలుగురిలో ముద్దముద్దకీ నీళ్లు తాగాలంటే మొహమాటపడి పెళ్లిళ్లకు రావడం మానేశారు. నాకు అన్నిటికంటే అదే బాధ.

కృత్రిమ లాలాజలం స్ప్రే అరగంట కూడా ఆగట్లేదు. లాలాజలం ఊరడానికి ఇచ్చే పైలోకార్పిన్ మాత్రలు ఎవరైనా వాడారా? చెమటలు బాగా పడతాయా? నాన్నకు ఆస్తమా ఉంది, అందుకే డాక్టరుగారు రాయడానికి ఆలోచిస్తున్నారు. కనీసం రాత్రి నిద్ర పట్టడానికి మీకు పనికొచ్చింది ఏదైనా ఉంటే చెప్పండి.