అటక మీద దొరికిన గుండ్రటి పేక ముక్కలు: ఆరు వేలా, రెండు లక్షలా?

టెక్కలి కోడలు

అందరికీ నమస్కారం. టెక్కలి దగ్గర ఉన్న మా అత్తవారి పాత ఇల్లు అమ్మకానికి పెట్టాం. సామాను సర్దుతుంటే అటక మీద రెండు రకాల పేకలు బయటపడ్డాయి.

ఒకటి అట్టపెట్టెలో ఉన్న మామూలు ఇంగ్లీషు పేక. 52 ముక్కలూ ఒక జోకరూ ఉన్నాయి. పెట్టె మీద ‘గ్రేట్ మొగల్’ అనీ, ‘మేడ్ ఇన్ బెల్జియం’ అనీ ఉంది. ఆఠీను రాణికి ఒక మూల మడత పడింది. మిగతావి బాగానే ఉన్నాయి.

రెండోది జరిపే మూత ఉన్న చెక్క పెట్టె. అందులో చేత్తో రంగులు వేసిన గుండ్రటి ముక్కలు ఉన్నాయి. వెనక వైపు అన్నిటికీ ఒకే ఎరుపు. ముందు వైపు నేల రంగు కొన్నిటికి పసుపు, కొన్నిటికి ఆకుపచ్చ, కొన్నిటికి నలుపు, ఇలా మారుతోంది. చేపలు, తాబేళ్లు, శంఖాలు, గొడ్డళ్లు కనిపిస్తున్నాయి. కొన్ని ముక్కల మీద దేవుడి బొమ్మలున్నాయి. మా మామగారి తండ్రి ఈ ఆట ఆడేవారని పెద్దత్తయ్యకు గుర్తుంది, ఎలా ఆడేవారో గుర్తు లేదు. లెక్కపెడితే 113 వచ్చాయి.

విశాఖ నుంచి పాత సామాను కొనే ఒకాయన వచ్చి చూసి రెండూ కలిపి ఆరు వేలన్నారు. మా మరిది ఫోనులో వెతికి, ఇలాంటివే ఎవరో రెండు లక్షలకు పెట్టారని చూపించాడు. పైగా దేవుడి బొమ్మలున్న పది ముక్కలూ విడిగా తీసి, ఫ్రేములు కట్టించి, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ పంచుకుంటే బాగుంటుందంటాడు. అసలు ధర ఎంత ఉంటుంది? తెలిసినవారు చెప్పగలరు.

డల్లాస్ మేజిక్

మీ గుండ్రటి ముక్కలు గంజీఫా అనే పాత పేకాటవి అనుకుంటాను, దాని గురించి నాకు తెలియదు. నేను పేకతో గారడీలు చేసేవాణ్ణి. మా లోకంలో ధర ఎలా పుడుతుందో చెబుతాను. లాస్ వేగస్ పక్కన జెర్రీస్ నగెట్ అని ఒక కాసినో ఉంది. సుమారు 1970లో వాళ్లు తమ పేరుతో పేకలు అచ్చు వేయించారు. ఏళ్ల తరబడి అవి వాళ్ల గిఫ్టు షాపులో డాలరుకూ రెండు డాలర్లకూ పడి ఉన్నాయి, అడిగే దిక్కు లేదు. తర్వాత పేకతో చేతి విన్యాసాలు చూపించే కుర్రాళ్లు వాటిని వీడియోల్లో వాడడం మొదలుపెట్టారు. షాపులో సరుకు అయిపోయింది. అప్పటి నుంచి సీలు విప్పని కట్ట వందల డాలర్లు పలుకుతోంది. 2019లో అదే డిజైను మళ్లీ అచ్చయింది, దానికీ జనం ఎగబడ్డారు. ఆ పాత కట్టలో కాగితమూ అదే, సిరా కూడా అదే, మారింది కోరుకునేవాళ్ల సంఖ్య ఒక్కటే.

ఇస్పేటు ఆసు

కోడలు గారూ, ముందు మీ మరిది గారి చేతిలోంచి కత్తెర, జిగురు సీసా తీసేయండి. తర్వాత మాట్లాడుకుందాం.

బెల్జియం పేక సంగతి త్వరగా తేల్చేస్తాను. తూర్న్‌హౌట్ అనే ఊళ్లో ఉన్న కంపెనీలు ఒకప్పుడు మన దేశానికి పేకలు ఓడల్లో పంపేవి. గ్రేట్ మొగల్ ఒక కంపెనీ సొత్తు కాదు, ఎందరో వాడుకున్న ముద్ర. అందుకే అవి మన పాత ఇళ్లలో ఇప్పటికీ దొరుకుతూనే ఉంటాయి. అక్కడి పెద్ద కంపెనీలు 1970లో కలిసి కార్టా ముండి అయ్యాయి. కాబట్టి పెట్టె మీద పాత కంపెనీ పేరు ఉంటే అది అంతకు ముందుదని అనుకోవచ్చు, అంతే. ఆడిన పేక, మడత పడ్డ రాణి. కొన్ని వందల రూపాయలు. సీలు ఉండి ఉంటే నా గొంతు కాస్త మారేది. ఆ పేకతో ఇంట్లో పిల్లలకు రమ్మీ నేర్పండి.

రెండోదాని దగ్గర మాత్రం ఆగాలి. మీరు చెప్పింది దశావతార గంజీఫా. పది అవతారాలు, ఒక్కో అవతారం ఒక రంగు, రంగుకు పన్నెండు ముక్కలు: రాజు, మంత్రి, ఒకటి నుంచి పది దాకా అంకెలు. మొత్తం 120. మొగలుల ఆటలో ఎనిమిది రంగులు, 96 ముక్కలు. బాబరు 1527లో సింధులోని షా హసన్‌కు గంజీఫా పంపినట్టు తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. అంటే ఈ ఆటకు మన దగ్గర కనీసం అయిదు వందల ఏళ్ల చరిత్ర ఉంది. ఆటకు ఉన్న వయసు మీ పెట్టెకు ఉన్నట్టు కాదని మాత్రం గుర్తుంచుకోండి. అమ్మేవాళ్లు ఈ రెండింటినీ కావాలనే కలిపేస్తారు.

ఇక రెండు లక్షలు. అది ఒకాయన అడుగుతున్న ధర. నేను మా కుక్కపిల్లకు కోటి రూపాయలు అడగగలను. అమ్ముడైన ధరలు వేరే చోట ఉంటాయి, వేలం సంస్థల పాత ఫలితాల్లో వెతకండి. లండన్ వేలాల్లో పంతొమ్మిదో శతాబ్దపు పూర్తి గంజీఫా కట్టలు వందల పౌండ్ల నుంచి కొన్ని వేల పౌండ్ల దాకా పోతుంటాయి. అది చూసి లెక్కలు వేసుకోకండి, ఎందుకో తర్వాత చెబుతాను.

ముందు ఈ పని చేయండి. పది రంగులుగా విడదీసి, ఏ రంగులో ఏ ముక్క లేదో కాగితం మీద రాయండి. 113 అన్న అంకె నాకు దేనికీ పనికిరాదు. పోయినవి అంకె ముక్కలా, రాజులా అన్నదాన్ని బట్టి కథ మారుతుంది. తడిగుడ్డ తగలనివ్వకండి, రబ్బరు బ్యాండు వేయకండి, మెరుగు కోసం వార్నిషు పూయకండి. ఫొటోలు పగటి వెలుగులో, రెండు వైపులా తీయండి.

పర్లాకిమిడి

నేనూ ఒడిశా సరిహద్దు మనిషినే. మా వైపు దీన్ని గంజప అంటారు. పర్లాకిమిడిలో, గంజాం జిల్లా ఊళ్లలో, పూరీ దగ్గర రఘురాజపూర్‌లో పటచిత్రాలు వేసే చిత్రకారులే ఈ ముక్కలూ వేసేవారు. టెక్కలి ఇంట్లో దొరకడంలో వింతేమీ లేదు. బుద్ధుడు ఉండాల్సిన చోట జగన్నాథుడు ఉన్నాడేమో చూడండి. ఉంటే అది ఒడియా చేతి పని కావచ్చు.

పాత గుడ్డ పొరలను చింతగింజల జిగురుతో అంటించి, సుద్ద పూసి, రాతితో నున్నగా రుద్ది, గుండ్రంగా కత్తిరించేవారు. తెలుపు శంఖం పొడి నుంచి, పసుపు హరిదళం నుంచి, ఎరుపు ఇంగిలీకం నుంచి, నలుపు దీపపు మసి నుంచి తీసేవారు. పైన లక్క పూత. ఒక ముక్క అంచు భూతద్దంతో చూడండి. గుడ్డ పొరలు కనిపించాలి. అట్టముక్క కనిపిస్తే అది ఈ మధ్య యాత్రికుల కోసం చేసింది కావచ్చు. రఘురాజపూర్‌లో ఇప్పటికీ చేస్తున్నారు, చక్కగానే చేస్తున్నారు. బొమ్మ తీరు చూసి మాత్రం వయసు చెప్పకండి, తాత గీసిన గీతనే మనవడూ గీస్తాడు.

టెక్కలి కోడలు

అందరికీ ధన్యవాదాలు. రాత్రి కూర్చుని అన్నీ విడదీశాను. జగన్నాథుడు ఉన్నాడు! అంచులో గుడ్డ పొరలు స్పష్టంగా ఉన్నాయి. రాజులు పదిమందీ ఉన్నారు. మంత్రులు తొమ్మిది, పరశురాముడి మంత్రి లేడు. మిగతా ఆరూ అంకె ముక్కలు: మత్స్యంలో మూడు, తొమ్మిది, వామనంలో ఏడు, కల్కిలో ఒకటి, నాలుగు, ఎనిమిది. ఫొటోలు పెట్టాను.

విశాఖ ఆయన మళ్లీ ఫోను చేశారు. ‘అన్నీ అక్కర్లేదు, రాజులూ మంత్రులూ ఇస్తే చాలు, ఎనిమిది వేలు ఇస్తాను’ అన్నారు. మా మరిదికి ఇది నచ్చింది. అంకె ముక్కలు మనకే మిగులుతాయి కదా అంటాడు.

ఇస్పేటు ఆసు

ఫొటోలు చూశాను. మంచి చేతి పని. నరసింహుడి కళ్లు చూసి నేను చాలాసేపు ముందుకు కదల్లేదు. శంఖం గుర్తున్న వరాహంలో అయిదు, ఆరు, ధనుస్సున్న రంగులో రెండు, ఈ మూడూ వేరే చేతివి. శంఖం మూతి మిగతా వరాహం ముక్కల్లో ఎడమకు తిరిగితే ఈ అయిదు, ఆరులో కుడికి తిరిగింది. ఎరుపు కూడా కాస్త పలచన. అరిగిన ముక్కలకు బదులు కొత్తవి వేయించుకోవడం ఆడేవాళ్ల ఇళ్లలో మామూలే. ఇది లోపమని కొందరు ధర తగ్గిస్తారు. నాకైతే ఈ మూడూ ఉంటేనే ఇష్టం, ఎందుకంటే అలమరలో పెట్టిన పేక కాదు, ఆడిన పేక అని అవి చెబుతున్నాయి.

ఇప్పుడు ఎనిమిది వేల సంగతి. మొత్తానికి ఆరు వేలన్న మనిషి పంతొమ్మిది ముక్కలకు ఎనిమిది వేలు ఎందుకిస్తాడు? రాజుల బొమ్మలు ఒక్కొక్కటీ ఫ్రేము కట్టి హోటళ్లకూ, కొత్త ఇళ్ల ముందు గదులకూ అమ్మడం సులువు. కట్టగా కొనేవాడు ఏడాదికి ఒకడు వస్తాడు, గోడకు తగిలించేవాడు వారానికి ఒకడు వస్తాడు. వ్యాపారి లెక్క వ్యాపారిది. కానీ ఆ పంతొమ్మిదీ పోయాక మీ దగ్గర మిగిలే 94 అంకె ముక్కలకు విలువ దాదాపు సున్నా. ఏ చేతిది, ఏ ప్రాంతంది అని రుజువు చేయగలిగేది రాజులూ అంకెలూ పెట్టెతో సహా కలిసి ఉన్నప్పుడే. విడదీశాక మళ్లీ ఎవరూ కలపలేరు.

మరిది గారికి ఈ సంగతి చదివి వినిపించండి. న్యూయార్క్‌లో క్లాయిస్టర్స్ మ్యూజియంలో పదిహేనో శతాబ్దపు పేక ఒకటి ఉంది. వేట సామాను గుర్తులు, కుక్కల పట్టెడలు, కొమ్ముబూరలు, అలాంటివి. ఆమ్‌స్టర్‌డామ్ వ్యాపారి ఒకాయన 1978లో దాన్ని 2,800 డాలర్లకు కొన్నాడు. అప్పటికి దాని వయసు ఎవరూ సరిగ్గా పట్టించుకోలేదు. ఆయన ఓపికగా బొమ్మల మీది బట్టలనూ కాగితాన్నీ పరిశీలించి, అది ఏ కాలానిదో తేల్చుకున్నాడు. 1983లో మ్యూజియం 1,43,000 డాలర్లు ఇచ్చింది. అంత ఇవ్వడానికి కారణం 52 ముక్కలూ ఉండడమే. ఆ కాలపు చేతి పేకల్లో పూర్తిగా మిగిలింది అదొక్కటే. ఆయన రాణులకు ఫ్రేములు కట్టి ఉంటే ఈ కథే లేదు.

మీది పూర్తి కట్ట కాదు, ఏడు లేవు. ఏడు ముక్కలు పోతే ధర ఏడు ముక్కలంతే తగ్గదు, సగానికి పైగా పడిపోతుంది. అయినా రాజులందరూ ఉండడం, పెట్టె ఉండడం, ఏ ఇంటిదో తెలియడం మీ వైపు ఉన్న బలాలు. నా అభిప్రాయం అడిగితే, ముప్పై వేల కంటే తక్కువకు నేను ఇవ్వను. నలభై ఇచ్చేవాడు దొరికితే బేరమాడను. రెండు లక్షలన్న మాట మరిచిపోండి.

సందేహాల శర్మ

లండన్‌లో వేలల్లో పోతుంటే ఇక్కడ ముప్పై వేలేమిటి? అక్కడికే పంపితే సరిపోదా?

ఇస్పేటు ఆసు

శర్మ గారూ, అందుకే లెక్కలు వేసుకోవద్దన్నాను. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వంద ఏళ్లు దాటిన కళాఖండాన్ని ప్రైవేటు వ్యక్తి దేశం దాటించకూడదు. లండన్ వేలాల్లో కనిపించేవి చాలావరకు దొరల కాలంలోనో, చట్టానికి ముందో వెళ్లినవి. ఒకే పెట్టె, ఒకే ముక్కలు, కానీ సముద్రానికి అటు ఒక ధర, ఇటు ఒక ధర. వంద ఏళ్లు నిండలేదనుకుంటే పురావస్తు శాఖ వారికి చూపించి, పురావస్తువు కాదని ధ్రువపత్రం తీసుకున్నాకే బయటికి పంపాలి. పాతదని చెప్పి ధర పెంచుకోవడం, కొత్తదని చెప్పి పత్రం తెచ్చుకోవడం, ఈ రెండూ ఒకే పెట్టెకు కుదరవు.

ఇంకొక మాట, దంతంతో చేసిన గంజీఫాలు ఎవరి దగ్గరైనా ఉంటే ఇక్కడ ధర అడగకండి. వన్యప్రాణి చట్టం ప్రకారం మన దేశంలో వాటిని అమ్మడమే నేరం. దానికి ధర లేదు, కేసు ఉంది.

పర్లాకిమిడి

కోడలు గారూ, లేని ఏడు ముక్కలూ రఘురాజపూర్ చిత్రకారుల చేత వేయించుకోవచ్చు. అదే పద్ధతి, దాదాపు అవే రంగులు. అప్పుడు ఇంట్లో ఆడుకోవచ్చు కూడా.

ఇస్పేటు ఆసు

వేయించుకోండి, నాకూ ఇష్టమే. కానీ వెనక వైపు మూలన చిన్నగా సంవత్సరం రాయించండి. గుండ్రటి ముక్కకు మూల ఎక్కడుందని అడగకండి, అంచు దగ్గర. ఆ రాత లేకుండా 120 ముక్కల పూర్తి పేక అని అమ్మితే అది మోసం అవుతుంది, మీరు చేయకపోయినా తర్వాత కొన్నవాడు చేస్తాడు.

టెక్కలి కోడలు

మరిదికి మొత్తం చదివి వినిపించాను. ఫ్రేముల మాట వదిలేశాడు, కానీ ‘ముప్పై వేలు పదిమంది పంచుకుంటే తలా మూడు వేలు, దానికి ఇంత గొడవా’ అన్నాడు. పెద్దత్తయ్య తనకు ఆ డబ్బు వద్దని, పెట్టె తన దగ్గరే ఉంచమని అంటున్నారు. అమ్మడం ఇప్పటికి ఆగింది. విశాఖ ఆయనకు ఫోను చేసి చెప్పేశాను.

ఒక్క సందేహం. పెట్టె మూత లోపలి వైపు సిరాతో రెండు వరుసల రాత ఉంది, ఒడియా లిపిలా ఉంది. బాగా మసక. కొంచెం నూనె రాస్తే స్పష్టంగా కనిపిస్తుందని మా పనమ్మాయి అంటోంది, రాయమంటారా?

ఇస్పేటు ఆసు

వద్దు! నూనె వద్దు, నిమ్మరసం వద్దు, ఏమీ వద్దు. ఈ రాత సంగతి మొదటి రోజే చెప్పాల్సిందమ్మా మీరు. మూతను కిటికీ పక్కన ఏటవాలుగా పెట్టి, వెలుగు పక్క నుంచి పడేలా నాలుగైదు ఫొటోలు తీసి పెట్టండి. పర్లాకిమిడి గారు చదివి పెడతారు. అందులో పేరో సంవత్సరమో ఉంటే నేను చెప్పిన ముప్పై వేలు వెనక్కి తీసుకుంటాను.

పర్లాకిమిడి

కరణి రాత, అంటే ఒడియా గొలుసుకట్టు రాత అయితే నాకు రాదు, మా నాన్నగారు చదువుతారు. ఫొటోలు పెట్టండి, ఆదివారం ఆయన దగ్గరికి తీసుకెళతాను.