గ్నోమ్ 46లో వర్క్‌స్పేస్‌లను మళ్లీ నిలువుగా పేర్చడం ఎలా?

2021లో లినక్స్ డెస్క్‌టాప్ గ్నోమ్ 40 వచ్చినప్పుడు నిలువు వర్క్‌స్పేస్‌లను (విండోలను విడివిడిగా పెట్టుకునే వర్చువల్ డెస్క్‌టాప్‌లు) అడ్డంగా మార్చారు, ఎడమ పక్కనున్న డాష్‌ను (యాప్‌ల ఐకాన్ల పట్టీ) కిందికి దించారు. పాత పద్ధతే కావాలనుకునేవాళ్లకు సెట్టింగ్స్‌లో ఒక్క మీటా పెట్టలేదు. 44 వరకు గ్నోమ్ తీరును మార్చే ఒక చిన్న సొంత ఎక్స్‌టెన్షన్‌తో పని నడిచింది. 46కు మారాక అది లోడే కావట్లేదు.

ఎక్స్‌టెన్షన్ మెటాడేటా ఫైల్‌లో షెల్ (తెరపై కనిపించే గ్నోమ్ ప్రధాన భాగం) వెర్షన్ జాబితాకు 46 చేర్చి చూశాను. వెర్షన్ తనిఖీని ఆపేసినా లాభం లేదు. కారణం తెలిసిందే: 45 నుంచి ఎక్స్‌టెన్షన్లన్నీ ఈఎస్ మాడ్యూళ్లుగా (జావాస్క్రిప్ట్ ప్రామాణిక మాడ్యూళ్లు) ఉండాలి, పాత ఇంపోర్ట్స్ పద్ధతి చెల్లదు. ఆ వాక్యాలన్నీ తిరగరాశాక లోడ్ అవుతోంది గానీ, ఓవర్‌వ్యూ (విండోలు, వర్క్‌స్పేస్‌లు అన్నీ ఒకేచోట చూపే తెర) సగమే మారుతోంది. వర్క్‌స్పేస్ మేనేజర్‌లో లేఅవుట్‌ను ఒకే నిలువు వరుసగా పెడితే కీబోర్డ్ షార్ట్‌కట్లు పైకీ కిందికీ సరిగ్గానే వెళ్తున్నాయి. పైన వచ్చే వర్క్‌స్పేస్ థంబ్‌నెయిళ్లు (చిన్న బొమ్మలు) మాత్రం అడ్డంగానే మొండికేస్తున్నాయి.

మాడ్యూల్ ఎగుమతి చేసిన ఫంక్షన్‌ను బయటి నుంచి మార్చడం కుదరదు, క్లాస్ ప్రోటోటైప్‌లోని మెథడ్‌ను మార్చవచ్చు. అందుకు గ్నోమ్‌లో ఇంజెక్షన్ మేనేజర్ అనే సాధనం ఉంది. థంబ్‌నెయిల్ బాక్స్ క్లాస్‌లో ఎత్తు, వెడల్పు, అమరిక లెక్కించే మెథడ్‌లు మూడూ మారిస్తే చాలా, లేక ఓవర్‌వ్యూ కంట్రోల్స్ లేఅవుట్‌నూ ముట్టుకోవాలా? డిసేబుల్ చేసినప్పుడు అన్నీ యథాస్థితికి రావాలి. వేలాండ్‌లో (తెరపై విండోలను చూపే వ్యవస్థ) షెల్‌ను రీస్టార్ట్ చేసే వీలు లేక ప్రతిసారీ లాగవుట్ కావాల్సి వస్తోంది. నెస్టెడ్ షెల్‌లో (ఒక విండోలోనే నడిచే మరో షెల్) పరీక్షించేవారుంటే ఆ విధానమూ చెప్పండి.

సినమన్ అనే మరో డెస్క్‌టాప్‌కు మారమని మాత్రం అనకండి, దయచేసి.