చర్చ: గేముల పిచ్చి, పేకాట, ఫోను – ఇంట్లో చూసినవాళ్లు చెప్పండి

చెరువుగట్టు_భీమవరం:
అందరికీ నమస్కారమండి. మాది భీమవరం పక్కన పల్లెటూరు, వనామీ రొయ్యల చెరువులు. రాత్రి కాపలా మా తమ్ముడిది. షెడ్డులో కూర్చుని తెల్లార్లూ ఫోనులో గేములే. మొన్న పట్టుబడికి వారం ముందు, తెల్లారగట్ల కరెంటు పోయింది. నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్లు ఆగిపోయాయి. ఆ వేళకి నీళ్లలో ఆక్సిజన్ అసలే తక్కువుంటుంది కదా. నేను పరిగెత్తుకెళ్లేసరికి రొయ్యలన్నీ పైకి తేలి గట్టు వెంట మూగాయి. వీడేమో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, తల కూడా ఎత్తకుండా, "ఒక్క మ్యాచ్, అయిపోవచ్చిందన్నా" అంటాడు. జనరేటర్ నేనే వేశాను. డబ్బులు పెట్టి ఆడడు, మందు ముట్టడు. దీన్ని జబ్బనాలా, బద్ధకమనాలా?

లాకుల_దగ్గర:
బద్ధకమేనండి, వేరే పేరెందుకు? మేమూ ఆడాం. సంక్రాంతి మూడ్రోజులు కోడిపందేల బరి దగ్గరే ఉండి, గుండాటలో జేబు ఖాళీ చేసుకుని, కనుమ మర్నాడు పొద్దున్నే చేలోకి దిగేవాళ్లం. ఫోను లాక్కుని కాలవలో పడేయండి, దారికొస్తాడు.

రాజోలు_అక్క:
కాలవలో పడేస్తే ఇంకోటి కొంటాడు బాబాయ్ గారూ. మీరు కనుమ మర్నాడు మానేయగలిగారు కాబట్టి మీది సరదా. మానలేనివాళ్ల సంగతి వేరు. మా ఆయన పేక ముందు క్లబ్బులో, తర్వాత ఫోనులో. కొబ్బరి దింపు డబ్బులు వ్యాపారి చేతిలోంచి ఇంటికొచ్చే లోపే అయిపోయేవి. నేను కనిపెట్టింది ఒకటుంది. పోగొట్టుకున్న రోజు నోరు మెదపకుండా అన్నం తిని పడుకునేవారు. గెలిచిన రోజే భయం. పిల్లలకి బట్టలు, నాకు పూతరేకులు తెచ్చేవారు, వారం తిరక్కుండా దానికి పదింతలు పోయేది. పోయింది రాబట్టుకోవాలని మళ్లీ కూర్చోవడం, అడిగితే అబద్ధం. డబ్బుకంటే ఆ అబద్ధాలే ఇల్లు కూల్చాయి.

పీజీ_సైకియాట్రీ:
అక్క గారు చెప్పిన రెండూ, పోయింది రాబట్టుకోవాలని వెంటపడటం, ఎంత ఆడుతున్నాడో దాచడం, రోగనిర్ధారణ పుస్తకాల్లోనే ఉన్న లక్షణాలు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5, అంటే అమెరికా మానసిక వైద్యుల రోగనిర్ధారణ పుస్తకం, జూదాన్ని మద్యం, మత్తుమందుల వ్యసనాల అధ్యాయంలోకి మార్చింది. అంతకుముందు దాన్ని ఆవేశాన్ని ఆపుకోలేని జబ్బుల్లో, నిప్పు పెట్టే పిచ్చి, దొంగతనాల పిచ్చి పక్కన ఉంచేవారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల పట్టిక ఐసీడీ-11 2022 జనవరి నుంచి అమల్లో ఉంది, అందులో జూదంతో పాటు గేమింగ్ డిజార్డర్ కూడా ఉంది.

గేమింగ్ డిజార్డర్ అనడానికి ఐసీడీ గంటలు లెక్కపెట్టదు. ఆట మీద అదుపు పోవడం, తిండీ నిద్రా పనీ అన్నీ ఆట తర్వాతే కావడం, నష్టం కళ్లెదుట కనపడుతున్నా ఆపలేకపోవడం. ఈ మూడూ మామూలుగా ఏడాదిపాటు కనిపించాలి, బతుకు దెబ్బతినాలి. చెరువుగట్టు గారూ, ఒక్క రాత్రిని బట్టి మీ తమ్ముడికి జబ్బని నేను రాయను. ఒంటరి కాపలా, తలకిందులైన నిద్ర, ఈడు పిల్లలెవరూ పక్కన లేకపోవడం. ముందు దిగులు, నిద్ర సంగతి చూడండి. చాలామందిలో ఆట వెనక అదే ఉంటుంది.

బరి_పక్కనోడు:
పందేల గురించి నాదో మాట. 2009లో కేంబ్రిడ్జిలో ల్యూక్ క్లార్క్ అనే పరిశోధకుడు, ఆయన తోటివాళ్లు స్లాట్ మెషిన్ లాంటి ఆట ఆడించి మెదడు స్కాన్ తీశారు. గెలుపు ఒక్క గీత దూరంలో తప్పిపోతే జనానికి చిరాకే వేసింది, అయినా మళ్లీ ఆడాలనే కోరిక పెరిగింది. గెలిచినప్పుడు వెలిగే మెదడు భాగాలే అప్పుడూ వెలిగాయి. ఇంకో సంగతి, ఆ కోరిక పెరిగింది బొమ్మని తామే ఎంచుకున్నప్పుడు. కంప్యూటర్ ఎంచినప్పుడు కాదు.

ఇది చదివాక మా ఊరి బరి నాకు వేరేగా కనపడింది. కోడిపందేల జోస్యం చెప్పే కుక్కుట శాస్త్రం తిరగేసి, వారం, దిక్కు చూసి, డేగ పుంజుని దింపాలా నెమలి పుంజుని దింపాలా అని రాత్రంతా తర్జనభర్జన. "నా లెక్క కరెక్టేరా, కత్తి ఒక్క అంగుళం పక్కకి పడింది" అంటాడు ఓడినవాడు. అంటే లెక్క తప్పలేదు, వచ్చే పందెం నాదే అని. ఎంచే పని మన చేతికిచ్చేసరికి ఫలితం కూడా మన చేతిలోనే ఉందనిపిస్తుంది. రమ్మీలో ఒక్క ముక్క రాక ఓడినవాడు లేస్తాడా?

ఉండి_కుర్రాడు:
రమ్మీని జూదంలో కలపకండన్నా. అది నైపుణ్యం ఆటని 1968లోనే సుప్రీంకోర్టు చెప్పింది, అదీ ఆంధ్రప్రదేశ్ కేసులోనే.

పీజీ_సైకియాట్రీ:
చెప్పింది. పందెం ఆటల మీద క్లబ్బువాడు లాభం చేసుకుంటే నేరం అవ్వచ్చనీ అదే తీర్పులో ఉంది, ఆ ముక్క ఎవరూ చెప్పరు. ఎలాగూ కోర్టు చూసింది చట్టాన్ని. నైపుణ్యం ఉన్న ఆటకి అలవాటు పడరని ఏమీ లేదు తమ్ముడూ. "నాకు ఆట వచ్చు" అనే నమ్మకమే కొందరిని ఎక్కువసేపు కూర్చోబెడుతుంది.

రాజోలు_అక్క:
2020లో మన రాష్ట్రంలో డబ్బు పెట్టే ఆన్‌లైన్ ఆటలు నిషేధించారు. మా ఆయన ఫోనులో లొకేషన్ మార్చుకుని ఆడారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేశాక ఆ యాప్ మూతపడింది. చట్టం మాకు ఊపిరి తీసుకునే టైమిచ్చింది, కాదనను. అప్పు మాత్రం అలాగే ఉంది.

తణుకు_వాసి:
ఇది కొంచెం పక్కకి పోతుందేమో గానీ రాస్తున్నా. మా నాన్నగారు రిటైరైన మాస్టారు. జన్మలో పేక ముట్టలేదు. పార్కిన్సన్స్ వచ్చి మందులు మొదలెట్టిన కొన్ని నెలలకి చీట్లపేక, పందేలు, పెన్షన్ పడ్డ రోజే ఏటీఎం. అమ్మ దిష్టి తీయించింది, మేం తిట్టాం. మందుల చీటీ చూసి న్యూరాలజిస్టు అడిగిన మొదటి ప్రశ్న, "ఈమధ్య డబ్బు విపరీతంగా ఖర్చు పెడుతున్నారా?" ఆయన వాడుతున్నది ప్రమిపెక్సోల్. మెదడులో డోపమైన్ అనే రసాయనం చేసే పనినే చేసే మందు. కొందరిలో దానివల్లే జూదం, అతిగా కొనడం, అతిగా తినడం మొదలవుతాయట. మోతాదు మెల్లగా తగ్గించి మందు మార్చారు. ఇప్పుడు పేకముక్క చూపించినా పేపర్ చదువుకుంటున్నారు. ఇలాంటి మందులు వాడేవాళ్లుంటే డాక్టర్ని అడగండి. సొంతంగా మాత్రం ఆపకండి, అది ప్రమాదం.

లాకుల_దగ్గర:
మందుబిళ్ల వల్ల పేకాటా! ఇది నేనెప్పుడూ వినలేదండి. మరి ఇందులో మనిషి తప్పెంత, మెదడు తప్పెంత?

అమలాపురం_అమ్మ:
మా పాప ఇంటర్ సెకండియర్. గేముల్లేవు, డబ్బుల్లేవు, రీల్సే. గోదారి గట్టు మీద నడుద్దామన్నా ఫోను పట్టుకునే వస్తుంది. స్మార్ట్‌ఫోన్ వ్యసనం అని యూట్యూబ్ నిండా భయపెడుతున్నారు. నిజమేనా?

పీజీ_సైకియాట్రీ:
ఆ పేరుతో జబ్బు డీఎస్ఎం-5లోనూ లేదు, ఐసీడీ-11లోనూ లేదమ్మా. కల్లు ముంతకి అలవాటు పడ్డాడని ఎవరూ అనరు, కల్లుకనే అంటారు. ఫోనులో పాప ఏం చేస్తోంది, దేన్నుంచి తప్పించుకుంటోంది అన్నది చూడాలి. 2019లో ఓర్బెన్, ప్రిజిబిల్‌స్కీ అనే పరిశోధకులు మూడున్నర లక్షల మందికి పైగా టీనేజర్ల సర్వేలు పరిశీలించారు. వాళ్ల మానసిక క్షేమంలోని తేడాల్లో టెక్నాలజీ వాడకానికి ముడిపడింది 0.4 శాతానికి మించలేదు. అది సగటు లెక్క, మీ పాపకి ఏ ఇబ్బందీ లేదని హామీ కాదు. రాత్రి నిద్ర, చదువు, స్నేహితురాళ్లు, ఈ మూడూ బాగుంటే తిట్లు తగ్గించండి. నిద్ర చెడుతోందంటే ఫోను పడకగది బయట పెట్టించండి. మీది కూడా.

అమలాపురం_అమ్మ:
నాది కూడానా! సరేనండి.

బరి_పక్కనోడు:
వైద్యం సంగతి కూడా చెప్పండి డాక్టర్ గారూ, అందరూ జబ్బు పేరు దగ్గరే ఆగిపోతున్నారు.

పీజీ_సైకియాట్రీ:
జూదానికి బాగా ఆధారాలున్నది మాటల వైద్యం, సీబీటీ అంటాం. ఆడాలనిపించే ఘడియ ఏది, అప్పుడు బుర్రలో ఏ ఆలోచన వస్తుందో పట్టుకుని మార్చడం. కొందరికి నాల్‌ట్రెక్సోన్ లాంటి మందు తోడిస్తారు. గేములు, ఫోను సమస్యలకి బెంగళూరు నిమ్హాన్స్ మానసిక వైద్యశాలలో 2014 నుంచి షట్ క్లినిక్ అని ప్రత్యేకంగా ఉంది. అంత దూరం పోనక్కర్లేదు, ముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. అప్పుల్లో ఉన్న జూదరిలో చచ్చిపోవాలన్న ఆలోచన రావడం చాలా ఎక్కువ. ఆ మాట నోట వస్తే బెదిరింపని కొట్టిపారేయకండి, ఆ రాత్రే మనిషి పక్కన ఉండండి.

రాజోలు_అక్క:
మాకు పనికొచ్చింది చెప్తాను. బ్యాంకు పాసుపుస్తకం, యూపీఐ నా చేతికొచ్చాయి, ఆయనే ఒప్పుకుని ఇచ్చారు. దింపు డబ్బులు వ్యాపారి నేరుగా నా ఖాతాలో వేస్తాడు. చుట్టాలందరికీ "అప్పివ్వకండి" అని నేనే ఫోన్లు చేశాను, ఆ రోజు మాత్రం సిగ్గుతో చచ్చాను. మధ్యలో ఒకసారి మళ్లీ ఆడారు. కౌన్సెలింగ్ మానకుండా వెళ్లారు.

చెరువుగట్టు_భీమవరం:
అందరికీ దండాలండి. తమ్ముడితో తిట్టకుండా మాట్లాడాను. నిద్ర పట్టట్లేదని, చెరువు మీద ఒక్కడే ఉంటే ఏదోలా ఉంటోందని వాడే చెప్పాడు. ఇన్నాళ్లూ ఎవరం అడగలేదు. కాపలా ఇద్దరం వంతులేసుకున్నాం. కరెంటు పోతే మోగే సైరన్ పెట్టించాను, ఎవరు కాపలా ఉన్నా అది ఉండాల్సిందే. బుధవారం కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్) ఓపీకి తీసుకెళ్తున్నా. సైకియాట్రీ చీటీ ఎన్నింటి దాకా ఇస్తారో తెలిసినవాళ్లు చెప్పండి, మేం భీమవరం నుంచి మొదటి బస్సెక్కాలి.