పరలోక ప్రార్థనలోని ‘ఎపియూసియోస్’: అనుదినాహారమా, రేపటి ఆహారమా?

ప్రశ్న: “మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము” అని చిన్ననాటి నుంచి చెప్పుకొంటున్నాను. అయితే ఇదే ప్రార్థనలో ‘మాకు కావలసిన’ అన్న మాట కూడా చదివినట్టు మనసులో మెదులుతూనే ఉంది. అది గ్రీకు విశేషణం ఎపియూసియోస్‌కు అర్థమా, లేక అనువాదకులు చేర్చినదా?

జవాబు: మీకు గుర్తున్నది లూకా 11:3. మీరు చెప్పుకొనేది మత్తయి 6:11. రెండు చోట్లా గ్రీకు విశేషణం ఒక్కటే. ఈ మాట పండితుల రచనల్లో గాని సామాన్యుల వాడుకలో గాని కనబడదనీ, సువార్తికులే కల్పించినట్టుందనీ గ్రీకులోనే రాసిన క్రైస్తవ పండితుడు ఓరిగెన్ మూడవ శతాబ్దంలో చెప్పాడు. బైబిలును లాటిన్‌లోకి అనువదించిన జెరోమ్ దీనినే లూకాలో ‘కోటీడియానుమ్’, అంటే అనుదినమైనది అనీ, మత్తయిలో ‘సూపర్‌సబ్‌స్టాన్షియాలెమ్’, అంటే పదార్థానికి అతీతమైనది అనీ రాశాడు. ఓరిగెన్ లాగే నేనూ ‘ఎపి’ అనే ఉపసర్గ, ‘ఊసియా’ (ఉనికి) అనే విభాగాన్నే నమ్ముతాను. బ్రతుకు నిలవడానికి కావలసిన ఆహారమని అర్థం.

మరొకరి జవాబు: చిక్కంతా ‘ఎపి’లోని ‘పి’లో ఉన్న ఇకారం దగ్గరే ఉంది. అచ్చు పరమైతే ‘ఎపి’లోని ఇకారం లోపించడం గ్రీకులో పరిపాటి కాబట్టి, మీ విభాగం ప్రకారం ‘ఎపూసియోస్’ కావలసింది. (తెలుగు రాతలో కనిపించే యకారం మన యడాగమమే, మూలంలోనిది కాదు.) ‘వచ్చు’ అనే అర్థం గల ధాతువు నుంచి పుట్టిన ‘ఎపియూసా’, అంటే రాబోయే దినం, దీనికి మూలమంటే ఆ ఇకారం ధాతువుదే కనుక చిక్కు లేదు. అపొస్తలుల కార్యములు 16:11లో ‘మరునాడు’ అన్నది ఆ మాటే.

జవాబు: సంధి అంత కఠినమా? ఏమ్యాదుల ఇత్తుకు సంధి వైకల్పికమని చిన్నయసూరి చెప్పలేదా? ‘ఏమంటివి’, ‘ఏమియంటివి’ రెండూ మనకు సాధువులే. గ్రీకులోనూ ‘ఎపియెయికేస్’ (సౌమ్యమైన) అనే మాటలో ‘ఎపి’ ఇకారం నిలిచే ఉంది.

జవాబు: ఆ మాటలో ‘ఎపి’ తరువాత ఒకప్పుడు వకారం ఉండి తరువాత లోపించింది కనుక ఇకారం నిలిచింది, ఊసియాకు ఆ చరిత్ర లేదు. పైగా బైబిలులో చేరని పాత గ్రంథమైన హెబ్రీయుల సువార్తలో ఈ చోట ‘మహర్’, అంటే ‘రేపు’ అని ఉన్నట్టు జెరోమే రాశాడు.

జవాబు: రేపటినిగూర్చి చింతింపకుడని మత్తయి అదే ఆరవ అధ్యాయం 34వ వచనంలో చెప్పిన యేసు రేపటి రొట్టెను నేడే అడగమంటాడా?

జవాబు: చింతించడం వేరు, అడగడం వేరు. నిర్గమకాండములో ఆరవ దినాన ఇశ్రాయేలీయులు మరునాటి మన్నాను (దేవుడు కురిపించిన ఆహారాన్ని) కూడా కూర్చుకోలేదా?

జవాబు: అర్థం ఏదైనా, అతీత పదార్థమనే జెరోమ్ మాటను మాత్రం నేను ఒప్పుకోలేను. ప్రతిమల పెళ్ళికి వేలు వెచ్చించే దేశం పేదల శూన్యపాత్రలలో మెతుకు విదల్చదని ‘గబ్బిలం’లో వేదనపడ్డ జాషువాను చదివినవారికి ఈ ప్రార్థనలోని రొట్టె నోటికి అందే రొట్టెగానే వినిపిస్తుంది. ‘క్రీస్తు చరిత్ర’ రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందిన కవి హృదయమది.

ప్రశ్న అడిగినవారు: జాషువా విషయంలో నాకు భేదాభిప్రాయం లేదు. కాని సిరియాక్ భాషలోని పాత బైబిలు అనువాదం పెషిత్తా ఇక్కడ ‘మా అవసరానికి తగిన’ అంటుంది; సామెతలు 30:8లో అడిగినదీ ‘తగినంత ఆహారము’. లూకాలో ‘దినదినము’ విడిగానే ఉండగా మన అనువాదకులు ఈ ఒక్క విశేషణానికి ‘కావలసిన’, ‘అనుదిన’ అని రెండు మాటలు వాడారంటే, వారు రెండు అర్థాలనూ నిలుపుకొన్నారనేనా?