మా పాప చిత్రంలో పోలిక వచ్చింది గానీ వయసు రావడం లేదు

ప్రశ్న:

నమస్కారం. మా అమ్మాయికి వచ్చే నెలలో నాలుగేళ్లు నిండుతాయి. ఆ రోజుకు తన ముఖచిత్రాన్ని నా చేత్తో తైలవర్ణాలలో వేసి హాల్లో తగిలించాలని, రెండు నెలలుగా రాత్రిళ్లు పాప నిద్రపోయాక కూర్చుని వేస్తున్నాను. పెన్సిల్ బొమ్మలు చాలాకాలంగా వేస్తున్నాను కానీ ఆయిల్ పెయింటింగ్ ఇదే మొదటిసారి. ఫోన్‌తో దగ్గరగా తీసిన ఫొటో మీద గడులు గీసి, వాటి ఆధారంగా 16 అంగుళాల ఎత్తున్న కాన్వాస్ మీద బొమ్మ గీసుకున్నాను. నుదురు మరీ పెద్దదిగా కనిపించడంతో కొంత తగ్గించాను. కళ్లు, ముక్కు, నవ్వు వేటికవి బాగానే కుదిరాయి. అయినా మా అమ్మ చూసి, "ఇది పాపలా లేదురా, మీ చెల్లెలు పెళ్లినాటికి ఉన్నట్టుంది" అంది. చూస్తే ఆ మాట నిజమే. పైగా పాపది చామనఛాయ. నేను కొన్న 'ఫ్లెష్ టింట్' రంగు వేస్తే ముఖానికి పౌడరు అద్దినట్టుంది, నీడల కోసం నలుపు కలిపితే మసి పూసినట్టుంది. ఎక్కడ సరిదిద్దుకోవాలో చెప్పగలరా?

మొదటి జవాబు:

మీరు నుదురు తగ్గించిన చోటే పాపకు వయసు వచ్చేసిందండీ. పెద్దవాళ్ల తలలో మాడు నుంచి గడ్డం దాకా కొలిస్తే కళ్లు ఇంచుమించు సరిగ్గా మధ్యలో ఉంటాయి. పసిపిల్లల్లో పుర్రె ముందుగా పెరిగి, దవడలు, ముక్కు దూలం ఆ తర్వాత నెమ్మదిగా పెరుగుతాయి కనుక, నాలుగేళ్ల పిల్లకు కళ్లు ఆ మధ్యగీతకు దిగువనే ఉంటాయి. మన కంటికి అలవాటైన కొలత పెద్దవాళ్లది కావడం వల్ల, గడులు నిజం చెబుతున్నా చెయ్యి వినదు. నల్లగుడ్డు మాత్రం ఈ వయసుకే దాదాపు పెద్దవాళ్లంత ఉంటుంది కాబట్టి చిన్న ముఖంలో అది పెద్దగా, చుట్టూ తెలుపు తక్కువగా కనిపిస్తుంది. ఆ తెలుపును కూడా ట్యూబులోంచి తీసినట్టుగా కాక కొద్దిగా బూడిదరంగు కలిపి వేయండి.

ఫొటో కూడా మళ్లీ తీయడం మంచిది. ఫోన్‌ను ముఖానికి దగ్గరగా పెడితే ముక్కు ఉబ్బి, చెవులు వెనక్కి పోతాయి. ఐదారడుగుల దూరం జరిగి, పాప కళ్ల ఎత్తుకు వంగి, కిటికీ వెలుతురు ఒక పక్క నుంచి పడేలా, ఫ్లాష్ లేకుండా తీయండి.

ఇక నవ్వు గురించి. పంటికీ పంటికీ మధ్య గీత గీశారేమో చూడండి. పళ్ల వరుసను ఒకే లేత మచ్చగా వేసి, అంచుల్లో నీడలోకి కలిపేయాలి. ముక్కు పక్క నుంచి నోటి దాకా వచ్చే మడత పిల్లల్లో గీత కాదు, బుగ్గ ఉబ్బు వల్ల వచ్చిన మెత్తటి రంగు తేడా మాత్రమే. దాన్ని సన్న కుంచెతో లాగితే పదేళ్లు మీద పడతాయి. పనిచేస్తున్నంతసేపూ బొమ్మను అద్దంలో చూస్తూ ఉండండి, తప్పు వెంటనే పట్టుబడుతుంది.

రెండో జవాబు:

రంగుల సంగతి నేను చెబుతాను. ఆ ట్యూబు గులాబీ ఛాయ ఉన్న తెల్లటి చర్మాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినది, మన పిల్లలకు నప్పదు. ఎల్లో ఆకర్ (మట్టి పసుపు), బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమరంగు), కొద్దిగా అలిజరిన్ క్రిమ్సన్ (ముదురు ఎరుపు), టైటానియం వైట్ కలిపి మీ రంగు మీరే చేసుకోండి. నీడకు నలుపు బదులు బర్న్ట్ సియెన్నాలో అల్ట్రామెరైన్ బ్లూ కలపండి. కలిపిన రంగును చిన్న అట్టముక్క మీద పూసి, ఆరాక, పగటి వెలుతురులో పాప బుగ్గ పక్కన పట్టుకుని చూడండి. తెలుపు ఎంత తక్కువ కావాలో అప్పుడు తెలిసి ఆశ్చర్యపోతారు. ముఖమంతా ఒకే రంగు ఉండదు. నుదురు పసుపు వైపు, బుగ్గలూ ముక్కు కొనా చెవులూ ఎరుపు వైపు మొగ్గుతాయి.

మొదటి పొరలు టర్పెంటైన్‌తో పలచగా, పైపొరలు అవిసె నూనె ఎక్కువగా ఉండేలా వేయండి. అటుదిటు అయితే కొన్నేళ్లకు పైపొర పగుళ్లిస్తుంది. వార్నిష్‌కు కనీసం ఆరు నెలలు ఆగాలి, వార్నిష్ లేకుండానే తగిలించవచ్చు. పసిపిల్ల ఉన్న ఇల్లు కాబట్టి కిటికీలు తెరిచి పనిచేయండి, టర్పెంటైన్ సీసా అందనంత ఎత్తులో పెట్టండి. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూల పడేయవద్దు, అవి వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. ఆరుబయట పరిచి ఆరబెట్టండి.

మూడో జవాబు:

గడువు దగ్గరపడుతోంది కనుక గౌను కుచ్చుల మీద సమయం పెట్టకండి. ఫ్లాండర్స్ చిత్రకారుడు రూబెన్స్ సుమారు 1616లో తన ఐదేళ్ల కూతురు క్లారా సెరెనాను చిత్రించాడు. 37 సెంటీమీటర్ల ఎత్తున్న ఆ చిన్న బొమ్మలో పాప సూటిగా మనవైపే చూస్తుంది. బుగ్గల ఎరుపునూ నుదుటి మెరుపునూ ఎంతో శ్రద్ధగా వేసిన ఆయన, బట్టలను నాలుగు కుంచె దెబ్బలతో వదిలేశాడు. ఆ అమ్మాయి 1623లో, పన్నెండేళ్లకే కన్నుమూసింది. తండ్రి ముందు నిలబడిన పిల్ల ఎలా చూస్తుందో ఆ బొమ్మలో అలాగే ఉండిపోయింది.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ కృతజ్ఞతలు. కొత్త ఫొటో తీసి, పాత రంగును గీకేసి, కళ్లను దాదాపు ముప్పావు అంగుళం కిందికి దించాను. పెద్ద నుదురు మీదికి ముంగురులు పడగానే మా అమ్మ ఏమీ అనకుండా దగ్గరికి వచ్చి చాలాసేపు చూసింది. గౌను అలాగే వదిలేశాను. ఇంకొక్క సందేహం ఉంది: ఫొటోలో ఎడమ బుగ్గ మీద దిష్టిచుక్క ఉంది. అది వేయాలా, మానాలా?

రెండో జవాబు రాసినవారు:

వేయండి. కింది రంగు ముట్టుకుంటే అంటనంతగా ఆరనిచ్చి, బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమరంగు), అల్ట్రామెరైన్ కలిపిన ముదురు రంగుతో ఒక్కసారి అద్ది, ఒక అంచును పొడికుంచెతో కొద్దిగా చెదరగొట్టండి. మధ్యాహ్నానికల్లా కాటుక చుక్క అలాగే చెదురుతుంది.