బండి ఒక ఊళ్లో, ఆర్సీ అడ్రస్ ఇంకో ఊళ్లో: ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పాలా, అక్కర్లేదా?

క్లాసిక్_కూకట్‌పల్లి:
నా రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350 ఆర్సీ, పాలసీ రెండూ కూకట్‌పల్లి అడ్రస్ మీద ఉన్నాయి. ఉద్యోగం మారి నేను పుణె వచ్చేశాను. బండిని ఇక్కడికి తేలేదు, విజయవాడ సింగ్‌నగర్‌లో మా అత్తగారింట్లో పెట్టాను. ఏడాది దాటింది. బ్యాటరీ పోకుండా మా బావమరిది అప్పుడప్పుడు స్టార్ట్ చేస్తాడు, మందుల షాపు దాకా వేసుకెళ్తాడు. కొన్నప్పుడు కట్టిన ఐదేళ్ల థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ల నష్టానికి ఉండేది) ఇంకా నడుస్తోంది. ఓన్ డ్యామేజ్ (మన బండి పాడైనా, పోయినా ఇచ్చేది) మాత్రం వచ్చే నెల రెన్యువల్‌కి వస్తోంది. బండి విజయవాడలో ఉందని చెప్పమంటారా అని ఏజెంట్‌ని అడిగితే "ఎందుకు సార్ లేనిపోని తలనొప్పి, పాత అడ్రస్‌తోనే కానిచ్చేయండి" అన్నాడు. ఆఫీసులో ఒకాయనేమో "చెప్పకపోతే క్లెయిమ్ రోజున చేతులెత్తేస్తారు" అని భయపెడుతున్నాడు. ఎవరి మాట వినాలి?

లెస్టర్_తెలుగు:
ఏజెంట్ మాట అస్సలు వినకండి. నేను ఉండే యూకేలో రాత్రిపూట బండి ఎక్కడ ఉంటుందో పోస్ట్‌కోడ్‌తో సహా అడుగుతారు, ప్రీమియంలో పెద్ద భాగం దాన్ని బట్టే తేలుతుంది. ఇల్లు ఒకచోట, గ్యారేజీ ఇంకోచోట అయితే రెండూ చెప్పాలి. ఇక్కడి 2012 ఇన్సూరెన్స్ చట్టం ప్రకారం నిర్లక్ష్యంగా తప్పు సమాధానం ఇస్తే, కట్టిన ప్రీమియం కట్టాల్సినదాంట్లో ఎంత వంతో క్లెయిమ్ కూడా అంత వంతే ఇవ్వొచ్చు. తెలిసి అబద్ధం చెబితే పాలసీ మొత్తం రద్దు. బండి వాడకుండా మూల పెట్టినా, రోడ్డు మీదకు తీసుకురానని డీవీఎల్ఏకి (ఇక్కడ బండ్ల రిజిస్ట్రేషన్ చూసే ఆఫీసు) ముందే డిక్లేర్ చేయకపోతే ఇన్సూరెన్స్ ఉండి తీరాలి. మన దేశంలో మాత్రం "ఏం కాదులే" అనేదే రూలు.

పాత_ఏజెంట్:
లెస్టర్ గారూ, మీరు చెప్పింది మీ ఊరికి నూటికి నూరుపాళ్లు కరెక్టు. ఇక్కడ లెక్క వేరండీ. ముప్పై ఏళ్లు ఈ పనిలో ఉండి రిటైరయ్యాను కాబట్టి చెబుతున్నా, మన దేశంలో టూవీలర్ రేటు బండి నిలబెట్టే చోటుని బట్టి కాదు, ఏ ఆర్టీఏ ఆఫీసులో రిజిస్టర్ అయ్యిందన్నదాన్ని బట్టి వేస్తారు. పాత టారిఫ్‌లో, అంటే కంపెనీలన్నీ పాటించాల్సిన రేట్ల పట్టికలో, రెండే జోన్లు. హైదరాబాద్, బెంగళూరు, చెన్నై, ముంబై, ఢిల్లీ, కోల్‌కతా, పుణె, అహ్మదాబాద్ ఏ జోను. మిగతా దేశమంతా బీ జోను. 2007లో ఓన్ డ్యామేజ్ రేట్లు కంపెనీల చేతికి వదిలేశారు గానీ ఆ జోన్లు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి.

తేడా ఎంతో చూడండి. 150 నుంచి 350 సీసీ, ఐదేళ్ల లోపు బండికి పాత రేటు ఏ జోనులో 1.793 శాతం, బీ జోనులో 1.760. ఐడీవీ (పాలసీలో బండికి కట్టిన విలువ) లక్షన్నర అనుకుంటే తేడా 50 రూపాయలు కూడా లేదు. పైగా ఈయన బండి హైదరాబాద్‌ది, ఉంటున్నది విజయవాడలో. అంటే ఎక్కువ రేటు కట్టి తక్కువ రేటు ఊళ్లో పెట్టుకున్నాడు. కంపెనీకి పోయిందేమిటి? థర్డ్ పార్టీ అయితే దేశమంతా ఒకటే రేటు, 2022 జూన్ నుంచి ఈ స్లాబుకి ఏడాదికి 1366. అది సింగ్‌నగర్‌లో ఉన్నా శ్రీకాకుళంలో ఉన్నా మారదు. పాలసీ కవరేజీ కూడా ఇండియా మొత్తానికి. "కూకట్‌పల్లి ఇంట్లో ఉంటేనే" అనే షరతు స్టాండర్డ్ పాలసీలో ఎక్కడా లేదు.

రూల్‌బుక్_రంగడు:
పాత_ఏజెంట్ గారు ఇన్సూరెన్స్ సగం చెప్పారు, చట్టం సగం వదిలేశారు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 49: ఆర్సీలో ఉన్న అడ్రస్‌లో నువ్వు ఉండటం మానేస్తే 30 రోజుల్లో కొత్త అడ్రస్ రిజిస్టరింగ్ అథారిటీకి చెప్పాలి. సెక్షన్ 47: ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరుకి అప్లై చేయాలి. ఈయన బండి ఏడాదికి పైగా ఏపీలో ఉంది. రెండు సెక్షన్లూ ఒకేసారి తప్పాడు.

"అయితే ఏంటి, చిన్న జరిమానాయే కదా" అంటారని తెలుసు. 2021 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు చూడండి. రాజస్థాన్ ఆయన కొత్త బొలేరో, జోధ్‌పూర్‌లో గెస్ట్‌హౌస్ బయట పెడితే పోయింది. పాలసీ బతికే ఉంది. కానీ టెంపరరీ రిజిస్ట్రేషన్ గడువు అప్పటికే దాటిపోయింది. జాతీయ వినియోగదారుల కమిషన్ ఆయన పక్షానే చెప్పినా సుప్రీంకోర్టు ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదంది. బండి దొంగతనానికీ రిజిస్ట్రేషన్‌కీ సంబంధం ఏంటి అని వాదించినా లాభం లేకపోయింది.

పాత_ఏజెంట్:
రంగడు గారూ, ఆ తీర్పుని ఇక్కడికి లాక్కురావడం పెద్ద పొరపాటు. ఆ బొలేరోకి ఆ రోజున రిజిస్ట్రేషనే లేదు. రోడ్డెక్కే హక్కే లేని బండి. ఈయన ఆర్సీకి ఇంకా పదేళ్ల పైనే టైముంది. అడ్రస్ పాతబడిన ఆర్సీ, అసలు లేని ఆర్సీ ఒకటెలా అవుతాయి? సెక్షన్ 47 ఒక్కటే చూపించి దొంగతనం క్లెయిమ్ కొట్టేసిన ఫైలు నా సర్వీసులో నేను చూడలేదు. ఆ మాటకొస్తే 2014 తర్వాత విజయవాడలో తెలంగాణ నంబర్లు, హైదరాబాద్‌లో ఏపీ నంబర్లు ఎన్ని తిరుగుతున్నాయో ఓసారి సిగ్నల్ దగ్గర నిలబడి చూడండి.

రూల్‌బుక్_రంగడు:
అందరూ చేస్తున్నారు కాబట్టి తప్పు కాదు అనడం మీ వయసుకి తగదు మాస్టారూ. నంబరు మార్చుకోమనే నేను చెబుతున్నది.

గోదారి_గట్టు:
సెక్షన్ల సంగతి పక్కన పెట్టండి, అసలు క్లెయిమ్‌లో ఏం జరుగుతుందో చెబుతా. మా పిన్ని కొడుకు గచ్చిబౌలిలో ఉద్యోగం. బండి మాత్రం మండపేట దగ్గర తాతగారింటి వసారాలో. సంక్రాంతి సందడిలో పోయింది. కంపెనీ పేరు వద్దు గానీ, వాళ్లు పంపిన ఇన్వెస్టిగేటర్ వచ్చి "మీ అడ్రస్ హైదరాబాద్ కదా, బండి ఇక్కడెందుకుంది" అని అడిగాడు. వీడు ఉన్నమాట చెప్పాడు, రాసుకున్నాడు, అక్కడితో అడ్రస్ గొడవ అయిపోయింది.

ఆ తర్వాత మొదలైంది అసలు కథ. తాళాలు రెండూ కావాలన్నాడు. ఒకటి తలుపు వెనక మేకుకి తగిలించి ఉంది, ఆ మేకుకి కూడా ఫోటో తీసుకున్నాడు. రెండోది వీడి హాస్టల్ బీరువాలో ఎక్కడో ఉంది. అది కొరియర్‌లో తెప్పించేదాకా ఫైలు కదల్లేదు. ఈలోగా ఎదురింటాయన్ని అడిగాడు. ఆయన అమాయకంగా "బండి ఎప్పుడూ బయట వేపచెట్టు కిందే ఉండేదండీ" అన్నాడు. మా తాతయ్య స్టేట్‌మెంట్‌లో "వసారాలో, గొలుసు వేసి" అని ఉంది. ఇంకేముంది, బండి భద్రత కోసం తగిన జాగ్రత్తలు తీసుకోలేదన్న షరతు బయటికి తీశారు. నెలల తరబడి తిరిగాక "నాన్ స్టాండర్డ్" (షరతు తప్పారని కోత పెట్టి ఇచ్చే క్లెయిమ్) అని పేరు పెట్టి 75 శాతం ఇచ్చారు. కోత పడింది ఊరు మారినందుకు కాదు, ఇద్దరి మాటలు కలవనందుకు.

పాత_ఏజెంట్:
ఇది బంగారం లాంటి పోస్టు. క్లాసిక్ గారూ, రెండో తాళం ఇప్పుడే వెతికి పెట్టుకోండి.

సింపుల్_సురేష్:
మీరంతా ఎందుకింత టెన్షన్ పడుతున్నారు? గేటు లోపల నిలబెట్టిన బండికి ఓన్ డ్యామేజ్ ఎందుకసలు? థర్డ్ పార్టీ ఉంది, చట్టం అడిగేది అదే. రోడ్డు మీద తిప్పని బండికి వేలు పోసి, ఆ పైన అడ్రస్ చెప్పాలా వద్దా అని మళ్లీ చర్చ. పుణె తెచ్చుకున్నప్పుడు మళ్లీ తీసుకోవచ్చు.

బుడమేరు_బాధితుడు:
సురేష్ బ్రో, నువ్వు సింగ్‌నగర్ పేరు విని కూడా ఆ మాట అన్నావంటే 2024 సెప్టెంబర్ 1న నువ్వు విజయవాడలో లేవన్నమాట. బుడమేరు పొంగి మా రోడ్డు మీద పడవలు తిరిగాయి. గేటు లోపల పెట్టిన బండ్లే మునిగాయి, ఎందుకంటే అవన్నీ గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉన్నాయి. మా పక్కింట్లో మూడు బండ్లు, హ్యాండిల్ కూడా కనపడలేదు. నీళ్లు తీశాక ట్యాంక్ మూత విప్పితే పెట్రోల్‌కి బదులు మురుగు నీళ్లు వచ్చాయి. థర్డ్ పార్టీ ఒక్కటే ఉన్నవాళ్లకి ఒక్క పైసా రాలేదు, అది ఎదుటివాడి నష్టానికే కదా. ఫుల్ పాలసీ ఉన్నవాళ్లలో కూడా కొందరు తొందరపడి స్టార్ట్ కొట్టారు, ఇంజన్‌లోకి నీళ్లెళ్లి కనెక్టింగ్ రాడ్ వంగింది. వరదలో మునగడం కవరవుతుంది గానీ, మునిగిన బండిని స్టార్ట్ చేసి పాడు చేసుకుంటే ఆ ఇంజన్ ఖర్చు మీదే అంటారు, ఇంజన్ ప్రొటెక్ట్ అనే అదనపు కవర్ (యాడాన్) లేకపోతే.

క్లాసిక్ అన్నా, మీ బావమరిదికి ఆ ఒక్క ముక్క చెప్పి పెట్టు. నీళ్లొస్తే స్టార్ట్ కొట్టొద్దు, ఫోటో తీసి తోసుకుంటూ వెళ్లమను.

పాత_ఏజెంట్:
సురేష్ గారికి ఇంకో మాట. ఓన్ డ్యామేజ్ ఆపేసి 90 రోజులు దాటితే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) సున్నా అవుతుంది. మొదటి ఏడాది 20 శాతంతో మొదలై ఐదేళ్లకి 50 దాకా ఎక్కేది అదే. మళ్లీ తీసుకోవాలంటే బండికి ఇన్‌స్పెక్షన్. వాడని బండికి కొంత ఊరట కావాలంటే పాత టారిఫ్‌లో లేఅప్ ఎండార్స్‌మెంట్ (పాలసీలో మార్పు రాసి జత చేసే కాగితం) అని ఒకటుంది, వరుసగా రెండు నెలలకు తగ్గకుండా గ్యారేజీలో పెట్టేస్తే ముందే రాసిచ్చి తీసుకునేది. టూవీలర్‌కి దాన్ని అడిగినవాణ్ణి నేను చూడలేదు. బావమరిది మందుల షాపుకి వేసుకెళ్తున్నాడు కాబట్టి ఈయనకి అది ఎలాగూ పనికిరాదు.

లెస్టర్_తెలుగు:
అంటే చివరికి మీరందరూ చెప్పకపోయినా ఫర్వాలేదనే అంటున్నారా? రేపు ఫారంలో "బండి ఎక్కడ పార్క్ చేస్తారు" అని అడిగితే?

పాత_ఏజెంట్:
అడిగితే ఉన్నది ఉన్నట్టు రాయాలి, అందులో రెండో మాట లేదు. కొన్ని కంపెనీల ప్రపోజల్ ఫారంలో పార్కింగ్ గురించి కాలమ్ ఉంటుంది. ఆన్‌లైన్ రెన్యువల్‌లో చాలాసార్లు అడగనే అడగరు. అడగకపోయినా ఒక మెయిల్ పడేయమనే నా సలహా. చెప్పకపోతే క్లెయిమ్ పోతుందని కాదు. ఇన్వెస్టిగేటర్ వచ్చిన రోజున "ఫలానా తేదీనే రాసిచ్చాను" అని చూపించే కాగితం చేతిలో ఉంటుంది. వద్దన్న ఏజెంట్‌కి ఎండార్స్‌మెంట్ పని పెరుగుతుందన్న బద్ధకం తప్ప ఇంకో కారణం నాకు కనపడటం లేదు.

క్లాసిక్_కూకట్‌పల్లి:
చాలా క్లియర్‌గా ఉంది, అందరికీ థాంక్స్. ఇంకో డౌట్. విజయవాడలో బండి పోతే నేను పుణెలో ఉంటాను, ఎఫ్ఐఆర్ ఎలా?

రూల్‌బుక్_రంగడు:
మీ బావమరిదే వెళ్లి ఇవ్వొచ్చు, ఓనరే ఇవ్వాలని లేదు. మీరే ఇవ్వాలనుకుంటే, 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 173 ప్రకారం ఏ స్టేషన్‌లోనైనా ఇవ్వొచ్చు, నేరం జరిగిన చోటు అదే కానక్కర్లేదు. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లో సంతకం పెట్టాలి. ఏం చేసినా ఆ రోజే చేయండి. 2020 జనవరిలో ముగ్గురు జడ్జీల సుప్రీంకోర్టు బెంచ్ చెప్పింది ఇదే: ఎఫ్ఐఆర్ వెంటనే ఇచ్చి, దొంగతనం నిజమని తేలితే, కంపెనీకి లేటుగా చెప్పారన్న ఒక్క కారణంతో క్లెయిమ్ కొట్టేయకూడదు. అలాగని కంపెనీకి లేటు చేయమని కాదు. ఒకవేళ అన్యాయంగా కొట్టేస్తే ఏపీ, తెలంగాణ రెండింటికీ ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (కంపెనీల మీద ఫిర్యాదులు వినే అధికారి) హైదరాబాద్‌లో ఉన్నారు, లాయర్ అక్కర్లేదు, ఫీజు లేదు.

క్లాసిక్_కూకట్‌పల్లి:
మెయిల్ ఇలా రాశాను, చూడండి: "నా వాహనం ప్రస్తుతం విజయవాడ, అజిత్‌సింగ్ నగర్‌లోని మా అత్తగారి ఇంటి ఆవరణలో, గేటు లోపల ఉంచబడుతోంది. నేను ఉద్యోగరీత్యా పుణెలో ఉంటున్నాను. కాంటాక్ట్ అడ్రస్‌గా పుణె అడ్రస్ నమోదు చేయగలరు."

గోదారి_గట్టు:
"గేటు లోపల" అని రాశావు సరే, రోజూ అక్కడే ఉంటోందా? మా వేపచెట్టు కథ గుర్తుంది కదా.

క్లాసిక్_కూకట్‌పల్లి:
పగలు ఒక్కోసారి బయట పెడతాడంట. ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను.

పాత_ఏజెంట్:
అయితే "సాధారణంగా రాత్రిపూట గేటు లోపల" అని మార్చండి. "బంధువు అప్పుడప్పుడు నడుపుతారు" అని కూడా ఒక లైను చేర్చండి, ఆ అబ్బాయికి లైసెన్స్ ఉందో లేదో చూసుకుని. లైసెన్స్ లేనివాడు నడుపుతుండగా ఏమైనా అయితే అప్పుడు ఏ మెయిలూ కాపాడదు. పాలసీతో ఉండే 15 లక్షల పర్సనల్ యాక్సిడెంట్ కవర్ ఓనర్-డ్రైవర్‌ది, అంటే మీది. అతని కోసమని రాసింది కాదు.

సింపుల్_సురేష్:
అడగని బంధువు సంగతి కూడా మనమే రాసివ్వాలా? ఇది మాత్రం నాకు ఓవర్‌గా ఉంది. అడ్రస్ వరకు ఓకే.

లెస్టర్_తెలుగు:
ఇక్కడైతే నడిపేవాళ్ల పేర్లు పాలసీలోనే ఉంటాయి.

పాత_ఏజెంట్:
ఇక్కడ అక్కర్లేదండీ, ఓనర్ అనుమతితో లైసెన్స్ ఉన్న ఎవరైనా నడపొచ్చు. సురేష్ గారూ, ఆ లైను రాయకపోయినా తప్పులేదు, ఒప్పుకుంటాను. నేనైతే రాస్తాను.

క్లాసిక్_కూకట్‌పల్లి:
వాడికి లైసెన్స్ ఉంది గానీ గేర్లు లేని స్కూటర్‌కి మాత్రమే తీసుకున్నాడంట! ఇన్నాళ్లూ బుల్లెట్ అలాగే నడుపుతున్నాడు. తాళం మా అత్తగారికి ఇచ్చేయమన్నాను. గేర్ బండి లైసెన్స్‌కి స్లాట్ బుక్ చేసుకునేదాకా బండి కదలదు, మెయిల్‌లో ఆ లైనూ ఉండదు.

రూల్‌బుక్_రంగడు:
స్లాట్ బుక్ చేసుకున్నంత మాత్రాన కాదు, లెర్నర్ లైసెన్స్ చేతికొచ్చి, ఎల్ బోర్డు పెట్టాక. ఆ ఆర్టీఏ ఆఫీసుకి వెళ్లినప్పుడే నంబరు మార్పుకి ఏమేం కాగితాలు కావాలో కూడా కనుక్కోమనండి, హైదరాబాద్ నుంచి ఎన్ఓసీతో (అభ్యంతరం లేదన్న పత్రం) మొదలవుతుంది.